బొమ్మకిచ్చిన చెయ్యి

కృష్ణ ఒడ్డున నిలబెట్టిన అరవై అడుగుల బొమ్మ మొదటిసారి కదిలిన సాయంత్రం, చూడవచ్చినవాళ్ళలో సగం మంది పది నిమిషాలు కాకుండానే ఇంటిదారి పట్టారు. నడుము తిరిగింది. తల ఊగింది. చేతులు లేచాయి, దిగాయి. తప్పు పట్టడానికేం లేదు. అయినా, "బట్టల షాపు గుమ్మంలో దణ్ణం పెట్టే బొమ్మలాగుందిరా" అని ఎవరో అంటే పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఆ మాట నరహరికి వినబడింది. జనం వెనకాల భార్య మాణిక్యంతో నిలబడి ఉన్నాడాయన. కొండపల్లిలో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా బొమ్మలు చేస్తున్నాడు. ఆయన చేసిన జానెడు ఆటబొమ్మే ఈ అరవై అడుగుల దానికి నమూనా. పావడా, నడుము, తల మూడూ విడివిడిగా సన్నటి మొనల మీద నిలబడి ఉంటాయి. వేలితో కాస్త తాకితే చాలు, ఒళ్ళంతా ఆడుతుంది. నగరానికి ఒక గుర్తుండాలని చలన కళా పరిశోధన కేంద్రం వాళ్ళు ఆ బొమ్మను కొలిచి, పెంచి, నది ఒడ్డున పెట్టారు.

జనం పల్చబడ్డాక ఒక అమ్మాయి ఆయన దగ్గరకొచ్చింది. ముప్ఫై దాటి ఉంటుంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కేంద్రంలో శాస్త్రవేత్త, పేరు ప్రణతి. బొమ్మ లోపలి కండలు నేసింది ఆమే.

"మీరు చెప్పండి నరహరి గారూ. ఎక్కడ తప్పింది?"

"కొలతలు ఎక్కడా తప్పలేదమ్మా. కానీ దాన్ని ఎవరూ ఆడించట్లేదు. దానంతటది ఊగుతోంది."

"అర్థం కాలేదు."

ఆయన మాణిక్యం సంచీలోంచి చిన్న బొమ్మను తీసి గట్టు మీద పెట్టి చూపుడువేలితో తాకాడు. బొమ్మ ఆడింది. ఆగబోయే ముందు ఇంకోసారి తాకాడు. అది తల వంచి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలిచి, మళ్ళీ అందుకుంది. ప్రణతి బొమ్మను చూడలేదు. ఆయన వేలినే చూసింది.

పదిహేను రోజులకు ఆమె కొండపల్లి వచ్చింది. చేతిలో చిన్న డబ్బా ఉంది. అందులో రెండు ఉంగరాలు. వెండి రంగులో, సన్నగా, రాయి లేకుండా ఉన్నాయి.

"ఒకటి బొటనవేలికి, ఒకటి చూపుడువేలికి. ఇవి పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి చాలు" అంది.

బొమ్మ లోపల నాలుగు వేల పోగులున్నాయని చెప్పింది. మనిషి కండలాగే అవి కరెంటు తగిలితే ముడుచుకుంటాయి, వదిలితే సాగుతాయి. ఎప్పుడు ముడుచుకోవాలో, ఎంత ముడుచుకోవాలో చెప్పేవాళ్ళే లేరు. కంప్యూటర్ చెబితే షాపు బొమ్మ అయింది. ఇకమీదట నరహరి చెయ్యి చెబుతుంది. పొద్దున ఆయన రంగులు వేస్తుంటే వేళ్ళ కదలికలన్నీ, బ్రష్షు ఎత్తి ఆగే ఆ కాసేపటితో సహా, ఉంగరాలు పట్టుకుంటాయి. సాయంత్రం ఐదున్నరకు బొమ్మ వాటితోనే ఆడుతుంది. ఏ రోజు ఆట ఆ రోజుదే.

"ఇదేం చోద్యమమ్మా! నేనిక్కడ చేపకు కన్ను దిద్దితే అక్కడ ఆవిడ నడుము తిప్పుతుందా?" అని నవ్వాడు నరహరి.

పక్కన కూర్చుని బాడిసతో కొయ్య చెక్కుతున్న కోటేశు నవ్వలేదు. కోటేశు మాణిక్యం తమ్ముడు. కొండెక్కి పొణికి కర్ర తేవడం, దాన్ని పొట్టు నిప్పు మీద నెమ్మదిగా ఆరబెట్టడం, బొమ్మకు మోటు రూపు చెక్కడం అతని పని. చింతగింజల మక్కు పెట్టి అతకడం, రంగులు, కళ్ళు నరహరివి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ప్రతి బొమ్మా ఆ రెండు జతల చేతుల్లోంచే వచ్చింది.

"ఆ కాగితాల్లో ఏముందో చదివించుకుని సంతకం పెట్టు బావా" అన్నాడు కోటేశు.

"అమ్మాయి చెబుతోందిగా" అన్నాడు నరహరి. పదిహేడు పేజీలకూ సంతకం పెట్టాడు.

వారం తిరిగేసరికి నది ఒడ్డున నిలబడ్డానికి చోటు లేకపోయింది. బొమ్మ చెయ్యి ఎత్తే ముందు తటపటాయించేది. ఎత్తిన చెయ్యి గాలిలో ఆగినప్పుడు వేళ్ళ కొసలు సన్నగా అదిరేవి, ఏదో చెప్పబోయి సిగ్గుపడినట్టు. చూసినవాళ్ళకు మొదట అది తెలిసేది కాదు. ఊరికే నిలబడిపోయేవాళ్ళు. "దానికి ఊపిరుందే!" అని ఒక ముసలావిడ మనవరాలి భుజం పట్టుకుని అనడం నరహరి తన చెవులతో విన్నాడు. ఆ రోజు బస్సులో కొండపల్లి వచ్చేదాకా ఆయన మాణిక్యానికి ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ప్రణతి ప్రతి శనివారం ఉంగరాలు సరిచూడ్డానికి వచ్చేది. వాళ్ళది పార్వతీపురం వైపు. ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలోనే పెరిగింది. మొదటి రెండు వారాలు బయటే నిలబడి పని చూసుకుని వెళ్ళిపోయింది. మూడో వారం మాణిక్యం పీట వాల్చి కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఆ తర్వాత ఆమె వాళ్ళను బాబాయ్, పిన్ని అని పిలవడం మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు కోటేశు కూతురికి లెక్కల పుస్తకాలు తెచ్చేది. గోంగూర ఎక్కువైతే డబ్బాలో పెట్టించుకుని పట్టుకెళ్ళేది. నరహరికి పిల్లల్లేరు. శనివారం పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చేవాడు. మాణిక్యం అడిగితే ఊరికే నడిచొచ్చానని చెప్పేవాడు.

రెండో నెలలో ఒకసారి మాత్రం ఆమె వచ్చినప్పటి నుంచీ ముభావంగా ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని ఉంగరం తిప్పుతూ, "బాబాయ్ గారూ, మీకు ఎప్పుడైనా చెయ్యి అలసటగా ఉంటుందా?" అని అడిగింది.

"యాభై ఆరేళ్ళ చెయ్యమ్మా. అలసిపోదూ?"

ఆమె ఇంకేదో అడగబోయి ఆగింది. మాణిక్యం మజ్జిగ తెచ్చింది. మాట అక్కడితో పోయింది.

*

ఏడాది కావస్తుండగా బొమ్మలు తిరిగి రావడం మొదలైంది. విజయవాడ దుకాణం ఆయన ముందు నాలుగు పంపాడు, తర్వాత పన్నెండు. తల ఒక పక్కకు ఒరుగుతోందన్నాడు. కళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్నాడు. నరహరి వాటిని వరసగా పెట్టి చాలాసేపు చూశాడు. తన చేతిలో తప్పుంటుందని ఆయనకు తట్టనే లేదు. ఆ చెయ్యి ఆడిస్తున్న బొమ్మను చూడ్డానికి రోజూ వేలమంది వస్తున్నారు.

"కర్ర పచ్చిగా ఉంటోంది" అన్నాడు.

కోటేశు తర్వాతి మోపును రెండింతలు ఆరబెట్టాడు. అయినా బొమ్మలు ఒరిగాయి. మూడో మోపు పొట్టు నిప్పు మీద మూడు రోజులు ఉంచాడు. అవీ ఒరిగాయి. నరహరి గొంతు రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది. బ్రష్షు వెంట్రుకలు బాగాలేవని మాణిక్యాన్ని కసిరాడు. మక్కులో గరుకు ఉందన్నాడు. పని ముగిసేసరికి ఎవరి మీదో ఒకరి మీద అరిచి ఉండేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ప్రణతి వసారాలో కూర్చుని భోంచేస్తోంది. నరహరి ఒక ఆటబొమ్మకు తల అమరుస్తున్నాడు. మొన గుంటలో కూర్చోలేదు. మళ్ళీ పెట్టాడు. జారింది. ఆ బొమ్మను ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టాడు.

"నీకు పని మీద ధ్యాస లేదురా! ఇరవై ఆరేళ్ళు నా ఇంట్లో తిని, ఈ రోజు నా పేరు చెడగొడుతున్నావు!"

కోటేశు లేచి వాకిట్లోకి వెళ్ళి ఆ బొమ్మ తల ఏరుకొచ్చాడు. దాని మొన తానే గుంటలో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. వేలితో తాకితే ఆడింది.

"తప్పు కర్రది కాదు బావా" అన్నాడు నెమ్మదిగా. "నీ చెయ్యి వణుకుతోంది. కాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నప్పుడు చూశాను. ఆరేడు నెలలైంది. డాక్టరుకు చూపించుకుందాం, నేనొస్తాను."

నరహరి మొహం నల్లబడింది. "నా చెయ్యా? ఊరంతా చూసే నా చెయ్యా? అడుగు, ఆ అమ్మాయినే అడుగు! రోజూ నా చెయ్యి కొలిచేది ఆమె. ఏమ్మా, నా చేతిలో ఏమన్నా తేడా ఉందా?"

ప్రణతి తల ఎత్తలేదు. అన్నం కలుపుతూ, "బొమ్మ బాగా ఆడుతోంది బాబాయ్ గారూ" అంది.

"విన్నావా?" అన్నాడు నరహరి. "నా ఇంట్లో కూర్చుని నాకే వంక పెట్టేవాడు నాకక్కర్లేదు. వెళ్ళు."

మాణిక్యం ఏడ్చింది, అడ్డం నిలబడింది. కోటేశు బాడిస తుడిచి గోడకు తగిలించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు అతని కూతురు వచ్చి లెక్కల పుస్తకాలు గుమ్మంలో పెట్టి పోయింది.

*

ఎనిమిది నెలల తర్వాత, చొక్కా గుండీ పెట్టుకోలేక నరహరి అద్దం ముందు పావుగంట నిలబడి ఉండగా మాణిక్యం చూసింది. దగ్గరకొచ్చి గుండీలు పెట్టింది. ఆ వారమే ఆయన్ని విజయవాడలో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది.

డాక్టరు పేరు సలీమా. ఆమె ఆయన్ని నడవమంది, తిరగమంది, బొటనవేలూ చూపుడువేలూ తాకించి విడదీస్తూ ఉండమంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వంద నుంచి వెనక్కు లెక్కపెట్టమంది. తొంభై దాటకముందే కుడిచెయ్యి అదరడం మొదలుపెట్టింది, మాత్రను రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తున్నట్టు.

"పార్కిన్సన్స్ అనుకుంటున్నాను. ఎప్పటి నుంచి ఉందో తెలిస్తే మందు ఎంచుకోవడం నాకు తేలికవుతుంది. మామూలుగా ఎవరికీ ఆ లెక్క తెలీదు" అంది.

నరహరి మొహం ఒక్కసారి వికసించింది. "నా దగ్గరుందండీ! నా చేతి కదలికలన్నీ రోజూ రాసిపెట్టారు. ఇరవై నెలలవి. మా అమ్మాయి దగ్గరున్నాయి."

మా అమ్మాయి అన్నాడాయన. మాణిక్యం ఆ మాట తర్వాత ఎన్నాళ్ళో మర్చిపోలేదు.

కేంద్రానికి వెళితే ప్రణతి ఢిల్లీ వెళ్ళిందన్నారు. రికార్డులు చూసే ఉద్యోగి డాక్టరు చీటీ చదివి, అందులో దాచాల్సిందేముంటుందనుకున్నాడో ఏమో, మొత్తం మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చాడు. నరహరి అతనికి రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

డాక్టర్ సలీమా దాన్ని తెర మీద తెరిచింది. గీతలు వచ్చాయి. గీతల పక్కన కేంద్రం వాళ్ళు తమలో తాము రాసుకున్న ముక్కలు కూడా ఉన్నాయి. ఆమె మొదట గబగబా చదివింది. తర్వాత వెనక్కు వెళ్ళి నెమ్మదిగా చదివింది.

"ఈ ప్రణతి అంటే ఎవరు?"

"చెప్పానుగా, మా అమ్మాయి."

డాక్టరు కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "నేను చదువుతాను. మీరిద్దరూ వినండి" అంది.

నలభై మూడో రోజు ప్రణతి రాసింది: చేతిలో సెకనుకు ఐదు అదురులున్నాయి, చెయ్యి ఊరికే ఉన్నప్పుడు మాత్రమే. ఇది నరాల జబ్బుకు మొదలు కావచ్చు. ఆయనకు చెప్పి వైద్యానికి పంపాలి. దాని కింద డైరెక్టర్ శేషగిరి అడిగాడు: ఆ అదురు తీసేసి బొమ్మను ఆడిస్తే ఎలా ఉంటుంది? యాభయ్యో రోజు తీసేసి ఆడించారు. జనం సగటున నాలుగు నిమిషాలు నిలబడ్డారు. యాభై ఒకటో రోజు అదురుతో ఆడించారు. పదకొండు నిమిషాలు నిలబడ్డారు.

యాభై రెండో రోజు శేషగిరి రాశాడు: బొమ్మకు ప్రాణం ఇదే. మందు పడితే ఇది పోతుంది. వైద్యం మన పని కాదు. చెప్పవద్దు.

దాని కింద ఒక్క మాట. సరే. ప్రణతి.

నరహరి తెర వైపే చూస్తున్నాడు, ఆ గీతలు ఆయనకు చదవొచ్చినట్టు.

"అప్పుడే తెలిస్తే తగ్గేదాండీ?" అని అడిగింది మాణిక్యం.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "ఈ జబ్బును ఆపే మందు లేదమ్మా. కానీ చెయ్యి మాట వినేది. ఈ రెండేళ్ళూ ఆయన తన పని తాను చక్కగా చేసుకునేవారు. ముఖ్యంగా, తనకేమవుతోందో ఆయనకు తెలిసుండేది."

*

ప్రణతి శనివారం వచ్చింది. వసారాలో పీట వాల్చి లేదు. ఉంగరాల డబ్బా గుమ్మం పక్కన స్టూలు మీద ఉంది. ఆమె దాన్ని చూసింది, నరహరి మొహం చూసింది. అర్థమైపోయింది.

"బాబాయ్ గారూ..."

"ఆ పిలుపొద్దు."

ఆమె గుమ్మం బయటే నిలబడింది. "నేను మొదట చెప్పమనే రాశానండీ. డైరెక్టర్ ఒప్పుకోలేదు. చెబితే ప్రాజెక్టు ఆగిపోతుందన్నారు. ఇంకో నెల చూద్దాం, తగ్గకపోతే చెబుదాం అనుకున్నాను. ప్రతి నెలా అలాగే అనుకున్నాను."

"ప్రతి శనివారం వచ్చావమ్మా నువ్వు."

"అవునండీ."

"నా చెయ్యి పట్టుకుని ఉంగరం తిప్పావు. వణుకు నీ చేతికి తగిలుంటుంది."

ఆమె ఏడుస్తోంది. నరహరి గొంతు పెంచలేదు. కోటేశు మీద అరిచినంత గట్టిగా అరవాలని ఆయనకు ఉంది, అరుపు రాలేదు.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు వాణ్ణి పొమ్మన్నప్పుడు నువ్విక్కడే కూర్చుని ఉన్నావు. నిన్నే అడిగాను. నా చేతిలో తేడా ఉందా అని. వాడు చెప్పేది నిజమని నీకొక్కదానికే తెలుసు. అవునా?"

"తెలుసు."

"తెలిసి అన్నం కలుపుకున్నావు."

మాణిక్యం లోపలినుంచి వచ్చింది. ఆమె చేతిలో ఒక డబ్బా ఉంది, కిందటివారం గోంగూర కోసం ప్రణతి ఇచ్చి మర్చిపోయినది. కడిగి తుడిచిన ఖాళీ డబ్బాను ఉంగరాల డబ్బా పక్కన పెట్టింది.

"రెండూ తీసుకెళ్ళు. ఇక రాకు" అంది మాణిక్యం. ఆ తర్వాత తలుపు వేసింది.

*

మందు పనిచేసింది. మూడో వారానికి నరహరి చేపకు కన్ను దిద్దగలిగాడు. గంటన్నర, రెండు గంటలు చెయ్యి నిలిచేది, తర్వాత మళ్ళీ మొరాయించేది. ఆ రెండు గంటల కోసం పొద్దున్నే లేచి కూర్చునేవాడు.

ఉంగరాలు లేకపోయినా నది ఒడ్డున బొమ్మ ఆడుతూనే ఉంది. ఆయన కేంద్రానికి వెళ్ళి శేషగిరి ముందు నిలబడ్డాడు.

"బొమ్మను ఆపండి. లేదా అదురు తీసేసి ఆడించుకోండి. నా జబ్బును జనానికి చూపించకండి."

శేషగిరి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "నరహరి గారూ, మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఉంది. రికార్డయిన కదలిక కేంద్రానిది. ఆరువందల రోజుల ఆట ఉంది మా దగ్గర. మార్చి మార్చి వేసుకుంటే ఎన్నేళ్ళయినా ఆడుతుంది. మీరు రాకపోయినా ఇబ్బంది లేదు" అన్నాడు. ఆ చివరి మాట ఓదార్పుగా అన్నాడు.

ఆ ఆదివారం నరహరి మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్ర వేసుకోలేదు. మాణిక్యం బతిమాలింది, వినలేదు. ఐదున్నరకు బొమ్మ ముందున్న గట్టు ఎక్కాడు. బొమ్మ చెయ్యి ఎత్తి గాలిలో ఆపినప్పుడు, ఆయన కూడా తన కుడిచెయ్యి ముందుకు చాపి గట్టు రెయిలింగు మీద ఊరికే వాల్చాడు. చెయ్యి అదిరింది. ఆయన వెనకాల అరవై అడుగుల ఎత్తున బొమ్మ వేళ్ళు అదే వేగంతో అదిరాయి.

"చూడండి!" అన్నాడు. "ఇది ప్రాణం కాదు. నా జబ్బు. రెండేళ్ళ నుంచీ వీళ్ళకు తెలుసు. నాకు చెప్పకుండా మీకు చూపించారు."

ముందు వరసలో గోల ఆగింది. ఒకాయన టోపీ తీశాడు. ఒక తల్లి కూతురి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి పక్కకు తీసుకుపోయింది. కాసేపు, నిజంగా ఒక్క కాసేపు, అందరూ బొమ్మను వదిలి ఆయన చేతిని చూశారు. తర్వాత ఫోన్లు లేచాయి. ఒకటి, పది, వంద. చెయ్యి, బొమ్మ రెండూ ఒకే చట్రంలో పట్టేలా వెనక్కు జరిగి, వంగి తీసుకున్నారు. "కొంచెం ఎడమకు జరగండి తాతా" అని ఎవరో అన్నారు.

నరహరి చెయ్యి దించేసుకున్నాడు.

మర్నాడు మామూలుకు రెండింతలు జనం వచ్చారు. మంగళవారం ట్రాఫిక్ ఆపాల్సి వచ్చింది. బుధవారం శేషగిరి ఫోన్ చేశాడు. "మీరు కోపంలో చేసినా మంచే జరిగింది నరహరి గారూ. బొమ్మ వెనక ఒక మనిషి కథ ఉందని ఇప్పుడు దేశమంతా తెలిసింది" అన్నాడు.

ప్రణతి ఉద్యోగం మానేసిందని, మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు రాసి తన పేరు కూడా నిందితుల్లో కలిపిందని తర్వాత ఎవరో చెప్పారు. నరహరి విన్నాడు. ఆమె పంపిన ఉత్తరం విప్పలేదు. చింపనూ లేదు.

*

కోటేశు ఇబ్రహీంపట్నం దగ్గర కట్టె అడితీలో పనిచేస్తున్నాడు. నరహరి, మాణిక్యం వెళ్ళేసరికి లారీ పక్కన నిలబడి దుంగలు లెక్క చూస్తున్నాడు. అక్కను చూసి ఎదురొచ్చాడు. నరహరిని చూసి ఆగాడు.

"రండి నరహరి గారూ" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ ఆ నోట రాని పిలుపది. నరహరి అడితీ చూరు కింద ఒక మొద్దు మీద కూర్చుని, డాక్టరు చదివినదంతా చెప్పాడు. నలభై మూడో రోజు, యాభై రెండో రోజు, ఆ సరే అన్న మాట. చెబుతుంటే కోపం మళ్ళీ ఉబికి వచ్చింది. "ఇంట్లో పిల్లలా తిరిగింది కోటేశూ! తెలిసి, ఒక్క మాట చెప్పలేదు నాకు!"

కోటేశు అంతా విన్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆమె చెప్పలేదు. నిజమే, మోసమే" అన్నాడు. "కానీ నేను చెప్పాను కదా."

కోటేశు తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు.

"చెప్పని మనిషికి మా అక్క ప్రతి శనివారం అన్నం వడ్డించింది. చెప్పినవాణ్ణి మీరు పొమ్మన్నారు. నా కూతురు ఆ తర్వాత చాలాకాలం మావయ్య ఇంటికి ఎందుకెళ్ళకూడదని అడుగుతూనే ఉంది. ఏం చెప్పను? మీ చెయ్యి వణుకుతోందని అన్నాను, అదే నా నేరం అని చెప్పనా?"

"తప్పయిపోయింది."

"ఇప్పుడు యంత్రం చెప్పింది కాబట్టి తప్పు. అది చెప్పకపోతే, నా కర్ర పచ్చిదనే నమ్మేవారు, చచ్చేదాకా."

అది నిజమని నరహరికి తెలుసు. ఇన్నాళ్ళూ తనకు జరిగిన ద్రోహాన్ని కొలుచుకుంటూ కూర్చున్నాడు. తాను చేసినది దాని పక్కన పెట్టి చూసుకోవడం ఇదే మొదలు.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. కోటేశు లేచి, "లోడు దించాలి" అని వెళ్ళిపోయాడు.

మాణిక్యం చాలాసేపు చూసి, "వెళదామా?" అంది.

"నువ్వు బస్సెక్కు. నేనుంటాను."

ఆమె వెళ్ళలేదు. కొంగు దులిపి పక్కనే కూర్చుంది. కోటేశు, ఇంకో ఇద్దరు కూలీలు దుంగలు భుజాన వేసుకుని వాళ్ళ ముందునుంచే లోపలికి వెళుతున్నారు, వస్తున్నారు. పొట్టు ఎగురుతోంది. కోటేశు ఎనిమిదిసార్లు అటూ ఇటూ నడిచాడు. ఒక్కసారీ వాళ్ళ వైపు చూడలేదు. నరహరి చెయ్యి ఒళ్ళో అదురుతోంది. దాన్ని రెండో చేత్తో కప్పుకోలేదు, అలాగే వదిలేశాడు.

తొమ్మిదోసారి పెద్ద దుంగ కొస భుజాన పెట్టుకుని వస్తూ కోటేశు ఆయన ముందు ఆగాడు.

"కాళ్ళు తీయి బావా, తగులుతుంది" అన్నాడు.

నరహరి కాళ్ళు దగ్గరకు తీసుకున్నాడు.